ముందు కప్పు, ఆ తర్వాతే గోడ

ఈ పూట మన మాట రేకుల షెడ్డు గురించి. జగ్గయ్యపేట, నందిగామ, పెనుగంచిప్రోలు, వత్సవాయి, చందర్లపాడు, కంచికచర్ల. కృష్ణా జిల్లా పడమటి మెట్టలో, అంటే 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్న ఈ ప్రాంతంలో, ఏ ఊరికి వెళ్లినా రేకుల షెడ్డు కనిపిస్తుంది. గేదెల కొట్టం రేకులదే. కోళ్ల ఫారం రేకులదే. వెల్డింగు షాపు, టీ కొట్టు, పత్తి నిలవ చేసే గది, మోటారు గది, అన్నీ రేకులవే. స్లాబు వేసే స్తోమత ఇంకా రాక, ముందు రేకులు దింపుకుని కాపురం పెట్టిన కుటుంబాలూ తక్కువేం లేవు. షెడ్డు తొందరగా లేస్తుంది. చౌకగా లేస్తుంది. కానీ ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం పూట అందులో నిలబడలేం. మే నెలలో ఈ మెట్టలో 45 డిగ్రీలు దాటడం కొత్త సంగతేం కాదు. 2015 మే నెల వడగాలులకి మన రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో రేకు కింద మనిషికీ, గేదెకీ, కోడికీ ఒకటే కష్టం. తక్కువ ఖర్చులో ఈ కష్టం ఎలా తగ్గించుకోవాలి? చేతిలో ఉన్న కాస్త డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి? దీనికి నేను చెప్పబోయే జవాబు ఒక్కటే. ముందు కప్పు. ఆ తర్వాతే గోడ. అలా ఎందుకో చూద్దాం.

పల్చటి గోడల షెడ్డుతో ఏగడం మనకంటే ముందు చలిదేశాల వాళ్లకి ఎదురైంది. బయట గడ్డకట్టే చలి. లోపల పిల్లలు, పశువులు. చేతిలో డబ్బు లేదు. అమెరికాలో నెబ్రాస్కా అనే రాష్ట్రం ఉంది. అందులో ఇసుక దిబ్బల ప్రాంతం ఒకటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో అక్కడ భూములు తీసుకుని దిగిన రైతులకి కలప దొరకలేదు. గడ్డి మాత్రం కావలసినంత ఉంది. గడ్డిని అదిమి మోపులు కట్టే యంత్రాలు అప్పటికి వాడుకలోకి వచ్చాయి. వాళ్లు ఆ మోపుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి గోడలు లేపారు. లోపలా బయటా పూత పూశారు. అలా కట్టినవి కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. ఒక బడి గోడలకి మాత్రం పూత పూయకుండా వదిలేస్తే ఆవులు మేసేశాయని అక్కడ చెప్పుకుంటారు. మన ఊళ్లో అయితే పూత పూసినా వదిలేవి కావేమో! సరే, ఆ గోడలో చలిని ఆపింది ఏమిటి? గడ్డి పరక కాదు. పరకల సందుల్లో ఇరుక్కుని, కదలకుండా ఉన్న గాలి. కదలని గాలి వేడిని దాటనివ్వదు. ఇటుకలోంచి దాటే వేడితో పోలిస్తే, అంతే మందం ఉన్న కదలని గాలిలోంచి దాటేది దాదాపు ముప్పయ్యో వంతు. ఇనుముతో పోలిస్తే రెండు వేలో వంతు. థర్మాకోల్ ముక్క తీసుకోండి. అందులో నూటికి 98 పాళ్లు గాలే. దూది, గడ్డి, రంపపు పొట్టు, గాజు ఉన్ని, ఇవన్నీ చేసేది ఒకటే పని. గాలిని పట్టి కదలకుండా ఉంచడం. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తర్వాత పనికొస్తుంది.

అయితే చలిదేశం పద్ధతిని ఉన్నది ఉన్నట్టు తెచ్చి మన షెడ్డుకి తగిలిస్తే డబ్బు దండగ. ఎందుకంటే, దుప్పటి వేడిని పుట్టించదు. ఒంట్లో పుట్టిన వేడిని బయటికి పోనివ్వదు, అంతే. చలిదేశంలో షెడ్డుకి కప్పేది అలాంటి దుప్పటే. అక్కడ పొయ్యి లోపల మండుతుంది. పశువుల ఒంటి వేడి లోపల ఉంటుంది. అది నాలుగు గోడల్లోంచీ, కప్పులోంచీ బయటికి పారిపోవాలని చూస్తుంది. కాబట్టి అన్ని వైపులా సమానంగా చుట్టబెడతారు. సందులు మూస్తారు. మన దగ్గర సంగతి తలకిందులు. వేడి వచ్చేది బయటి నుంచి. బయటి నుంచి అంటే నాలుగు దిక్కుల నుంచీ సమానంగా కాదు. నెత్తి మీద నుంచి. ఇక్కడే మనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు. మిర్చి కోల్డు స్టోరేజీ గోడల నిండా థర్మాకోలో, ఫోమో పెడతారు కదా, బయట ఎండ మండిపోతున్నా లోపల చలి పుడుతుంది కదా, మా షెడ్డుకీ అదే చేస్తే పోలా అని. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ గోడలు చల్లదనాన్ని పుట్టించడం లేదు. లోపల యంత్రం రాత్రింబవళ్లు తిరుగుతోంది. తలుపు బిగించి ఉంది. యంత్రం పుట్టించిన చల్లదనం పోకుండా గోడ కాపలా కాస్తోంది. గేదెల కొట్టానికి తలుపెక్కడుంది? ఉండకూడదు కూడా. కోళ్ల షెడ్డుకి పక్కలు జాలీయే. వెల్డింగు షాపు షట్టరు పగలంతా ఎత్తే ఉంటుంది. బయటి గాలి 44 డిగ్రీలతో లోపలికి వస్తూనే ఉంటుంది. గోడకి ఎంత మందం పెట్టినా ఆ గాలిని ఆపలేం. ఆపగలిగేది ఎండని. గాలి వేడి వేరు, ఎండ వేడి వేరు. గాలి వేడిని ఎలాగో భరిస్తున్నాం. రేకు కింద మనల్ని చంపేది, ఎండ తాగి కాలిన రేకు.

ఎండ ఎంత పడుతుందో ఒక లెక్క చూద్దాం. చిన్న లెక్కే. నడి వేసవిలో, మబ్బు లేని మధ్యాహ్నం, చదరపు మీటరు చోటు మీద పడే ఎండ దాదాపు వెయ్యి వాట్లు. ఒక ఇస్త్రీపెట్టె తీసుకునే కరెంటు అంత. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న చిన్న షెడ్డు అనుకోండి. కప్పు రెండు వందల చదరపు అడుగులు. అంటే పద్దెనిమిది చదరపు మీటర్లకు పైనే. పద్దెనిమిది ఇస్త్రీపెట్టెల వేడి ఆ చిన్న కప్పు మీద పడుతోంది. మరి గోడల మీద? సూర్యుడు ఎక్కడున్నాడో చూడండి. జగ్గయ్యపేట, నందిగామ భూమధ్యరేఖకి ఉత్తరాన దాదాపు 17 డిగ్రీల మీద ఉన్నాయి. కాబట్టి మే 8 ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన గుంజకి నీడ కనపడదు. ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పూట సూర్యుడు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఎండ బాగా ముదిరిన రోజుల్లో దక్షిణం గోడ మీద మధ్యాహ్నం ఎండే పడదు. తూర్పు గోడకి పొద్దున పడుతుంది, అప్పటికి ఇంకా చల్లగానే ఉంటుంది. పడమటి గోడకి సాయంత్రం పడుతుంది, దాని సంగతి తర్వాత చెప్తాను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎడతెగకుండా ఎండ తాగేది కప్పు ఒక్కటే. అందుకే మళ్లీ చెప్తున్నాను. ముందు కప్పు. ఆ తర్వాతే గోడ.

కప్పు తాగిన ఎండ ఏమవుతుంది? మాసి నల్లబడ్డ సిమెంటు రేకు, తన మీద పడ్డ ఎండలో మూడింట రెండు వంతులు మింగేస్తుంది. అరవై డిగ్రీలు దాటి కాలుతుంది. మట్టి మిద్దె అయితే ఆ వేడి లోపలికి దిగడానికి సాయంత్రం దాకా పడుతుంది. పెంకుటింటి కింద కూడా కాస్త వ్యవధి ఉంటుంది. రేకు మందం కొన్ని మిల్లీమీటర్లు. వేడి నిమిషాల్లో కింది వైపుకి వచ్చేస్తుంది. వచ్చి రెండు దారుల్లో మనకి తగులుతుంది. ఒకటి, రేకు కింది గాలి వేడెక్కుతుంది. రెండోది, రేకే తన వేడిని నేరుగా కిందికి విసురుతుంది. మన నెత్తి మీదకీ, గేదె వీపు మీదకీ. ఈ రెండో దారిని మనం పట్టించుకోం. కంటికి కనపడదు గనక. రేకుల గదిలో ఫాను వేసుకున్నా నెత్తి మాడిపోతున్నట్టు ఉంటుందంటే కారణం అదే. ఫాను గాలిని తిప్పుతుంది. రేకు విసిరే సెగని ఆపలేదు. గేదె సంగతి మరీ కష్టం. నల్లటి చర్మం, పైగా ఆవు కన్నా చెమట గ్రంథులు తక్కువ. కోడికి చెమటే పట్టదు. నోరు తెరిచి రొప్పడం తప్ప దానికి ఇంకో దారి లేదు. వేసవిలో పాలు తగ్గాయి, గుడ్లు తగ్గాయి అన్నప్పుడు మేత గురించి ఎంత ఆలోచిస్తామో, కప్పు గురించీ అంత ఆలోచించాలి.

ఇక మందు. మందు మన కాళ్ల కిందే ఉంది. జగ్గయ్యపేట చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది ఆ రాయి కోసమే. జగ్గయ్యపేట బౌద్ధస్తూపానికి శిల్పులు పలకలు చెక్కింది కూడా సున్నపురాతి మీదే. ఆ రాయిని కాలిస్తే వచ్చే సున్నం, కప్పు మీద పూస్తే, పడ్డ ఎండలో మూడు వంతుల దాకా తిరగ్గొట్టేస్తుంది. తాజాగా పూసిన తెల్ల సున్నం మింగేది నాలుగో వంతే. మన లెక్కలో చెప్పాలంటే, మాసిన రేకు పన్నెండు ఇస్త్రీపెట్టెల వేడి మింగితే, సున్నం పూసిన రేకు నాలుగైదు పెట్టెల వేడి మింగుతుంది. ఈ తేడా గోడల్లో ఏ దూది పెట్టినా రాదు. పైగా దుప్పటి చేసేది వేడిని ఆలస్యం చెయ్యడం. తెల్ల రంగు చేసేది వేడిని గడపలోకే రానివ్వకపోవడం.

ఇక్కడ ఒకరు అడ్డం పడొచ్చు. మా జింకు రేకు కొత్తది, అద్దంలా మెరుస్తోంది, సున్నం కన్నా అదే ఎండని ఎక్కువ తిరగ్గొడుతుంది కదా అని. కొంత నిజమే. కొత్త రేకు ఎండని బాగానే తిప్పికొడుతుంది. అయినా చేత్తో ముట్టుకుంటే కాలుతుంది. ఎందుకని? మెరిసే లోహానికి ఒక గుణం ఉంది. మింగింది కొంచెమే అయినా, దాన్ని తొందరగా వదలదు. సున్నం అలా కాదు. మింగిన కొంచెం కూడా ఆకాశంలోకి వదిలేస్తూ ఉంటుంది. పగలూ వదులుతుంది, రాత్రీ వదులుతుంది. పైగా రేకు మెరుపు ఎన్నాళ్లు? రెండు వానాకాలాలు పోతే మెరుపు పోతుంది, దుమ్ము పడుతుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పు రేకు సిమెంటు రేకు కన్నా ఎక్కువ ఎండ తాగుతుంది.

ఇది మాటలతో పోయే సంగతి కాదు. చేసి చూసినవాళ్లు ఉన్నారు. అహ్మదాబాదులో 2010 మే నెలలో వడగాలికి ఎందరో చనిపోయాక, 2013లో ఆ నగరం వేసవి కోసం ఒక కార్యాచరణ ప్రణాళిక రాసుకుంది. 2017లో అక్కడ మూడు వేలకు పైగా పేదల ఇళ్ల కప్పులకి తెల్ల సున్నం పూశారు. అదే ఏడాది హైదరాబాదులో, దేవరకొండ బస్తీలో, పాతిక చిన్న ఇళ్ల కప్పుల మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి కొలిచారు. పొర ఉన్న ఇళ్లలో గాలి, లేని ఇళ్ల కన్నా సగటున రెండు డిగ్రీలు చల్లగా ఉంది. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లటి కప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. ఐదేళ్లలో మూడు వందల చదరపు కిలోమీటర్ల కప్పుల్ని చల్లబరచాలని లక్ష్యం పెట్టుకుంది. హైదరాబాదు వేసవి కన్నా మన జగ్గయ్యపేట వేసవి ఘాటు. అక్కడ పనికొచ్చింది ఇక్కడ ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

రెండు డిగ్రీలేనా, దానికింత హడావుడా అని మీకు అనిపించొచ్చు. ఆ రెండు డిగ్రీలు గాలి లెక్క. ఇందాక చెప్పానే, రేకు నేరుగా విసిరే సెగ అని. అది ఈ లెక్కలోకి రాలేదు. అరవై డిగ్రీలు దాటిన రేకు నలభై అయిదు, యాభైకి దిగిందంటే నెత్తి మీద సెగ బాగా తగ్గుతుంది. గాలి కొలిచే థర్మామీటరు దాన్ని పూర్తిగా పట్టుకోదు. ఒళ్లు పట్టుకుంటుంది. పైగా 45 డిగ్రీల రోజున రెండు డిగ్రీలంటే, వడదెబ్బ తగలడానికీ తగలకపోవడానికీ మధ్య ఉన్న తేడా కూడా కావచ్చు.

ఇప్పుడు పని ఎలా చెయ్యాలో చెప్తాను. కాగితం, కలం అక్కర్లేదు. వింటే చాలు. ముందు మీ రేకు ఏదో చూసుకోండి. సిమెంటు రేకైతే సున్నం. ఇనుప రేకు, జింకు రేకు అయితే సున్నం వద్దు. పచ్చి సున్నానికి ఘాటు ఎక్కువ. అది జింకు పూతని తినేస్తుంది. ఇనుప రేకులకి బయట గోడలకి వేసే తెల్ల ఎమల్షనో, కప్పుల కోసమే అమ్మే తెల్ల పెయింటో వెయ్యండి. తుప్పు ఉంటే గీకి, ముందు ప్రైమరు వెయ్యండి. ఖర్చు ఎక్కువే, కానీ కొన్నేళ్లు ఉంటుంది. సిమెంటు రేకుకి సున్నం చాలు. రాతి సున్నం తెచ్చుకుంటే ముందు రోజే తడపాలి. ఇనుప డ్రమ్ములో తడపండి. ప్లాస్టిక్ బకెట్టు వద్దు, సున్నం ఉడికే వేడికి వంకర తిరుగుతుంది. నీళ్లలో సున్నం వెయ్యాలి, సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు. పోస్తే చింది కళ్లలో పడుతుంది. కంట్లో పడ్డ సున్నం చూపు తీసేస్తుంది. ఆ దగ్గరికి పిల్లల్ని రానివ్వొద్దు. మర్నాడు బట్టలో వడగట్టి, చిక్కటి మజ్జిగలా కలుపుకోండి. పట్టు కోసం నానబెట్టిన తుమ్మజిగురు కలపండి. కొందరు ఉప్పు కూడా వేస్తారు. రేకుల బోల్టులు, హుక్కులు ఇనుమువి, ఉప్పు తగిలితే తొందరగా తుప్పు పడతాయి. కాబట్టి జిగురుతో సరిపెట్టుకోండి. ఇంటి గోడకైతే నీలిమందు కలుపుతాం, చూపుకి బాగుంటుందని. కప్పుని చూసేది కాకులే. అక్కర్లేదు.

పూసే ముందు రేకు తడపండి. ఎండు రేకు మీద సున్నం పొడిలా రాలిపోతుంది. మిట్టమధ్యాహ్నం పూయకండి. తెల్లవారుజామునో, సాయంత్రమో పూయండి. ఒక్కసారే మందంగా పూస్తే పెచ్చులూడుతుంది. పల్చగా రెండుసార్లు పూయండి. ఇంకో రెండు జాగ్రత్తలు ఉన్నాయి, ఇవి సున్నం కన్నా ముఖ్యం. ఒకటి, సిమెంటు రేకు మీద కాలు పెట్టకండి. పాత రేకు మనిషి బరువు ఆపదు. పైకెక్కి విరిగి కింద పడ్డవాళ్ల సంగతి ప్రతి ఊళ్లోనూ వింటూనే ఉంటాం. బోల్టులు ఉన్న వరస కింద అడ్డ పైపు ఉంటుంది. రెండు మూడు పైపుల మీదుగా పొడవాటి చెక్క పలక వేసుకుని, దాని మీద కూర్చుని పూయండి. వీలైతే నిచ్చెన మీద నిలబడి, పొడవాటి కర్రకి కుంచె కట్టి పూయండి. రెండోది, పాత సిమెంటు రేకుని పొడిగా ఉన్నప్పుడు బ్రష్షుతో గట్టిగా రుద్దకండి. అందులో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. నాచు ఉంటే బాగా తడిపి, తడి మీదే మెల్లగా తీయండి.

వాన పడితే సున్నం కొట్టుకుపోతుంది కదా అంటారు. పోతుంది. పోనివ్వండి. మనకి కావలసింది మార్చి నుంచి జూన్ దాకా. ఉగాదికి ఇంటికి సున్నం వేసే అలవాటు మనకి ఎలాగూ ఉంది. అప్పుడే షెడ్డు కప్పుకీ ఒక పూత వేస్తే పని అయిపోయింది. తొలకరి దాకా ఉంటుంది. క్వారీల దారిలో, లారీలు తిరిగే రోడ్ల పక్కన ఉన్న షెడ్లకి మాత్రం ఇంకో సమస్య. బూడిద రంగు దుమ్ము పేరుకుంటుంది. తెల్లదనం తగ్గితే ఎండని తిప్పికొట్టే బలమూ తగ్గుతుంది. అలాంటి చోట మే మొదట్లో ఇంకో పల్చటి పూత వేసుకోవడం మంచిది.

కప్పు తెల్లబడ్డాక, ఇంకా కాస్త ఖర్చు పెట్టగలిగితే, అప్పుడు కదలని గాలి దగ్గరికి వద్దాం. నెబ్రాస్కా రైతుల పాఠం ఇక్కడ పనికొస్తుంది. గోడకి కాదు, కప్పు కింద. రేకుకి జానెడు కింద వెదురు తడికో, తాటాకు చాపో, ఈత చాపో కట్టండి. రేకుకీ తడికకీ మధ్య ఖాళీ ఉంటుంది. రేకు సెగ తడికకి తగిలి ఆగుతుంది, మన నెత్తి దాకా రాదు. ఆ ఖాళీకి రెండు చివరలా పైన సందు వదలండి. వేడెక్కిన గాలి ఆ సందులోంచి బయటికి పోతుంది. సందులు మూసేస్తే పని చెడుతుంది. థర్మాకోల్ షీట్లు కట్టొచ్చా? కట్టొచ్చు. కానీ ఎలకలు గూళ్లు పెడతాయి. పైగా నిప్పంటుకుంటే దాని పొగ ప్రాణాంతకం. పొయ్యి ఉన్న గదిలో, వెల్డింగు చేసే చోట దాని జోలికి పోకండి. కోళ్ల ఫారాల వాళ్లు కప్పు పైన వరిగడ్డి పరుస్తారు. అది మంచి పద్ధతే. గడ్డి పైన ఎండ ఆగిపోతుంది, గడ్డిలో గాలి వేడిని దిగనివ్వదు. మనది మెట్ట గనక వరిగడ్డి కొనాల్సి వస్తుంది. జమ్ము, బోద దొరికే చోట అదే వాడుకోవచ్చు. గాలికి లేచిపోకుండా వలో, తాడో కట్టాలి. కరెంటు తీగ ఆ గడ్డిని ఆనుకుని పోకూడదు. వేసవిలో కొట్టాలు తగలబడేది ఎక్కువగా అలాంటి చోటే. కప్పు మీద స్ప్రింక్లరు పెట్టి నీళ్లు చల్లే పద్ధతీ ఉంది. పని చేస్తుంది. కానీ సాగర్ ఎడమ కాలవ చివరి భూముల్లో, మే నెలలో, బోరులో ఉన్న నీళ్లు గేదెలకి తాగడానికే సరిపోని రోజుల్లో, ఆ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు గోడ. నాలుగు గోడల్లో మీరు పట్టించుకోవాల్సింది ఒక్కటే, పడమటి గోడ. సాయంత్రం మూడు నుంచి అయిదున్నర దాకా ఎండ ఏటవాలుగా దాని మీద కొడుతుంది. అప్పటికే గాలి బాగా వేడెక్కి ఉంటుంది. దీనికి కూడా లోపల ఏదో దట్టించడం కన్నా, బయటే ఎండని ఆపడం తేలిక. మన చేలల్లో కంది కోశాక కట్టె మిగులుతుంది. పత్తి తీశాక కట్టె మిగులుతుంది. చాలావరకు చేలోనే తగలబెట్టేస్తున్నాం. కందికట్టెతో తడికలు అల్లి, మట్టీ పేడా కలిపి మెత్తి గోడలు కట్టుకోవడం మన పెద్దలకి తెలిసిన పనే. అలాంటి తడికని పడమటి గోడకి ఆనించకుండా, జానెడు ఎడంగా, బయట నిలబెట్టండి. ఎండ తడిక మీద పడుతుంది. తడికకీ గోడకీ మధ్య గాలి పైకి పోతూ ఉంటుంది. గోడకి ఎండే తగలదు. తడిక ఇనుప గోడని ఆనుకుంటే వాన తడికి గోడ తుప్పు పడుతుంది, చెదలూ ఎక్కుతాయి. అందుకే ఆ జానెడు ఎడం. కింద నేలకి తగలకుండా రెండు ఇటుకల ఎత్తున పెట్టండి. తడిక అల్లే ఓపిక లేకపోతే గోనెసంచులు విప్పి కుట్టి పరదా కట్టండి. ఏప్రిల్, మే నెలల్లో గాలి పొడిగా ఉన్నప్పుడు ఆ పరదాని అప్పుడప్పుడు తడిపితే లోపలికి వచ్చే గాలి చల్లబడుతుంది. జూన్‌లో ఉక్క మొదలయ్యాక తడపడం మానేయండి. అప్పుడు నీళ్లు ఆవిరి కావు, లోపల ఉక్క ఇంకా పెరుగుతుంది. ఉత్తరం గోడ, దక్షిణం గోడ వేసవి కోసం తాకక్కర్లేదు. వాటికి పెట్టే డబ్బుతో పైన రెండు కిటికీలు పెట్టించుకోండి.

మరి చలికాలం? తెల్ల కప్పు వల్ల ధనుర్మాసంలో షెడ్డు మరీ చల్లబడదా? ఇది చలిదేశం వాళ్లకి పెద్ద బెంగ. మనకి అంత పట్టింపు అక్కర్లేదు. డిసెంబరులో కూడా ఇక్కడ పగలు ఎండ హాయిగానే ఉంటుంది, ఆ ఎండ తగ్గితే నష్టం లేదు. పైగా అప్పటికి వానలకి సున్నం సగం పోయి ఉంటుంది. చలికాలం ఇబ్బంది రాత్రిది. తెల్లవారుజామున రేకు బయటి గాలి కన్నా చల్లబడుతుంది. పశువుల ఊపిరిలోని తేమ దానికి తగిలి చుక్కలు చుక్కలుగా కిందికి కారుతుంది. సున్నం పూసినా పూయకపోయినా ఇది జరుగుతుంది. కప్పు కింద తడిక ఉంటే ఆ చుక్కలు పశువు మీద పడవు. రేకు చలి కూడా నేరుగా తగలదు. కోడిపిల్లలకి మొదటి వారం దాదాపు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. వాటిని ఉంచిన చోట తడిక మీద గడ్డి పరిచి, చుట్టూ గోనె పరదాలు దించితే బల్బుల కరెంటు ఆదా అవుతుంది. అంటే చలిదేశం దుప్పటి మనకి పనికొచ్చేది ఆ ఒక్క మూల, ఆ కొద్ది వారాలు. అక్కడ దుప్పటే వాడండి. మిగతా షెడ్డుకి, మిగతా ఏడాదికి, ముందు కప్పు, ఆ తర్వాతే గోడ.

ఒక మాట రేకు తరఫున కూడా చెప్పాలి. రేకు పల్చన కావడం పూర్తిగా లోపమేం కాదు. స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి పన్నెండింటికి కూడా సెగలు కక్కుతుంది. మే నెలలో డాబా ఇళ్లవాళ్లు మంచాలు పైకి ఎక్కించేది అందుకే. రేకు అలా కాదు. పొద్దు గూకిన గంటలో చల్లారిపోతుంది. షెడ్డుని బాగు చెయ్యబోయి ఈ మంచి గుణాన్ని పోగొట్టుకోకూడదు. రేకు మీద మట్టీ, కాంక్రీటూ మెత్తితే బరువుకి రేకు విరగడం సంగతి అటుంచి, రాత్రి చల్లదనం కూడా పోతుంది. సున్నం ఆ పని చెయ్యదు. పగటి వేడిని తగ్గిస్తుంది, రాత్రి చల్లదనాన్ని అలాగే ఉంచుతుంది.

ఇవన్నీ నా మాట మీద నమ్మక్కర్లేదు. ఈ ఉగాదికి కప్పులో సగానికే సున్నం పూయండి. మిగతా సగం ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. ఏప్రిల్‌లో, మబ్బు లేని రోజు చూసుకుని, మధ్యాహ్నం రెండింటికి లోపలికి వెళ్లండి. అరచెయ్యి పైకెత్తి, రేకుకి తగలకుండా జానెడు కింద పెట్టి చూడండి. ముందు ఒక సగం కింద, తర్వాత రెండో సగం కింద. గేదెల కొట్టమైతే ఆ శ్రమా వద్దు. పలుపులు విప్పి వదిలేసి, అవి ఏ సగం కిందకి వెళ్లి పడుకుంటాయో చూడండి. చూశాక మిగతా సగం పూసుకోండి.